మృగయావర్ణనములు - ఆయుధౌచిత్యము

కావ్యమున వర్ణింపదగిన విషయములను లెక్కించుచు దండి నగర సముద్ర పర్వతములను, చంద్రసూర్యోదయములను, దూత ప్రయాణ యుద్ధములను జెప్పెను గాని వేట మాట యెత్తలేదు. విశ్వనాథుని సాహిత్యదర్పణము నాటికి మృగయ యా పట్టికలో స్థానము సంపాదించుకొనినది. ఈ స్వల్పభేదము గమనింపదగినది. రఘువంశ నవమసర్గమున కాళిదాసు దశరథుని వేటను వర్ణించుటకు గారణము పట్టిక కాదు. కథకు వేట కావలసియుండెను. తరువాతి వారిలో పెక్కండ్రకు విధి ముందు, వేట వెనుక. అందుచేతనే వారి వేటఘట్టములలో మృగముల పేళ్లొక వరుసగా, ఆయుధముల పేళ్లొక వరుసగా నిలిచియుండును గాని యే మృగమున కే యాయుధము తగునో కవి విచారించిన జాడ కానరాదు.

ఈ లోపమునకు గవులకంటె వ్యాఖ్యాతలే యెక్కువ పోషకులు. క్షురప్రము బాణవిశేషము, భల్లము బాణవిశేషము, నారాచము బాణవిశేషము. పాఠశాలలలో జెప్పబడు టీకలన్నిటను ఈ యొక్క మాటయే. విద్యార్థి దానిని వల్లించి పరీక్ష గడచును. నిఘంటువును నమ్మి యడవికి బోయినవాడు తిరిగిరాడన్న సంగతి పరీక్షాధికారులకు బట్టదు. పూర్వము గ్రామమున నొక్కడైన వేటకాడుండెను. పండితుడు చెప్పలేనిదానిని అతడు చెప్పెడివాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత, నంద్యాల తూర్పున గోడవలె నిలిచిన నల్లమలలో వేట శిక్షార్హమైన నేరము; అడవిలో జాలభాగము పులుల రక్షణకై కేటాయింపబడినది. అది మేలే. కాని ఇక మీదట వేటకావ్యములకు టీక తప్ప వేఱు సాక్షి లేడు. కనుక టీక సరిగా నుండవలెను.

ధాతువులనుండి యారంభించిన విషయము తేలికయగును. మృగధాతువున కన్వేషణ మర్థము. మృగమనగా వెదకబడునది, మృగయ యనగా వెదకుట. వ్యాధశబ్దము వ్యధధాతుజన్యము, గ్రుచ్చువాడు వ్యాధుడు. వెదకుట, గ్రుచ్చుట, ఈ రెండే వేట. మొదటిది వేటకాని కన్నుమీదను, కాలిమీదను ఆధారపడియుండును. రెండవదానికి మాత్రము వేఱొక వస్తువు కావలెను. ఆ వస్తువునే వైయాకరణులు కరణమందురు. పాణిని కరణమును సాధకమని యూరకుండక సాధకతమమనెను. క్రియాసిద్ధికి దోడ్పడు వస్తువులు పెక్కులున్నను వానిలో మిక్కిలి యుపకరించునదే కరణము. ఆయుధమును ఎన్నుకొనుట యనగా ఈ తమప్ప్రత్యయమునకు దగిన వస్తువును గుర్తించుటయే. వేటను వర్ణించిన కవిని పరీక్షించుటకు నింతకంటె దిన్నని కొలబద్ద దొరకదు: ఇతడు పేర్కొనిన యాయుధము ఆ మృగమునకు సాధకతమమా, కాదా?

ఈ కొలబద్దతో రఘువంశమును జూడవలెను. దశరథునిపైకి అడవిదున్న యొకటి వేగముగా దూకుచున్నది. ఎదురుగా వచ్చు దున్నకు నుదురు, కొమ్ముల మొదళ్లు, దట్టమైన మెడకండలు డాలువలె నడ్డు నిలుచును. ప్రక్కనుండి కొట్టదగిన గుండె యపుడు గుఱికి దొరకదు. కవి బాణమును కంటిగుంట గుండ విడిపించెను. అది శరీరమును నిలువున జీల్చుకొని పోవగా వెనుకనున్న ఱెక్కకొనకు నెత్తురంటలేదట. దున్న ముందు పడెను, బాణము తరువాత బడెను. ఇందు అతిశయోక్తి యున్నది, కాదనరాదు. కాని అతిశయోక్తికి మూలమైన యూహ తప్పు కాదు. పెద్దమృగమును జంపునది దెబ్బ యొక్క ధ్వనియు గాదు, గాయము యొక్క వెడల్పును గాదు. మర్మమువఱకు జొచ్చుకొని పోవు శక్తి. బాణమునకు నిన్ని పర్యాయపదములుండగా నిచ్చట కవి పత్రి యను మాటనే యేల వాడెను? ఱెక్కలు గలది పత్రి. ఱెక్కల కొనకు రక్తమంటని సంగతిని జెప్పవలసియుండుటచేతనే. దీనిని 'బాణము' అని మాత్రమే చెప్పి దాటిపోయిన టీక కవికి ద్రోహము చేసినట్లే.

తరువాత ఖడ్గమృగములు. వానిపై బ్రయోగించినది క్షురప్రము. క్షురమనగా మంగలికత్తి, వెడల్పైన పదునంచు గల బాణమది. అట్టిది మందమైన చర్మమును దూసికొని లోనికి బోజాలదు, కోయగలదు. అది తెలిసియే కవి దశరథునిచేత ఖడ్గమృగములను జంపింపలేదు, కొమ్ములను మాత్రము కోయించి తలలు తేలిక చేయించెను. గర్వించినవారి యౌన్నత్యమును రాజు సహింపడు గాని ఆయువును సహించునని యొక కారణమును గూడ జెప్పెను. రాజనీతిని జెప్పిన శ్లోకముగా దీనిని మెచ్చుకొనువారు పలువురు. ఆయుధము యొక్క శక్తికి లోబడి కవి కథను నడిపినాడని మెచ్చుకొనవలసియున్నది.

చమరమృగముల తోకలను ద్రుంచుటకు భల్లము. ఈ భల్లము కోయునదే యని యెట్లు తెలియును? చతుర్థసర్గమున రఘువు పాశ్చాత్యుల గడ్డపుదలలను నఱకినది భల్లములతోనే. ఒకే కవి, ఒకే కావ్యము, రెండు తావులందును అదే పని. పొదలలో దాగిన సింహములను వింటినారి మ్రోతచే గదల్చి కొట్టినవి మార్గణములు. మార్గధాతువును అన్వేషణార్థకమే, దాగినదానిని వెదకుకొని పోవునది మార్గణము. గుహలనుండి యెగిరిదూకిన పులుల నోళ్లు మాత్రము చేతివాటముచే బాణములతో నిండి యమ్ములపొదులైనవి. ఇచ్చట ఒక్క బాణపు శక్తి కాదు, వరుసగా విడుచు వడి ముఖ్యము. పులి దేహము దున్నదేహమువలె గట్టిది కాదు; కాని దాని వేగము వేటకానికి రెండవ యవకాశ మీయదు.

ఈ భేదములు పండితుల కల్పనలని శంకించువారు తుపాకుల చరిత్రమును జూడవచ్చును. 1878లో తన వేటయనుభవములను ప్రకటించిన శాండర్సను కాలమున నల్లమందుతో గాల్చు బరువైన పెద్దగొట్టముల తుపాకులే ఏనుగులకును అడవిదున్నలకును వాడబడెడివి. సీసపుగుండు మెత్తనిది, వేగము తక్కువ, అందుచేత బరువు పెంచుటయొక్కటే మార్గము. 19వ శతాబ్ది చివర పొగలేని మందు వచ్చినపిమ్మట గుండు సన్నగిల్లెను, వేగము హెచ్చెను. 1907 ప్రాంతమున హిందూదేశమునకు 0.450 అంగుళపు రైఫిళ్లు రాకుండ ప్రభుత్వము నిషేధింపగా తయారీదార్లు 0.465, 0.470 మొదలగు కొలతలను గల్పించిరి. ఆ 0.470 గుండు బరువు 500 గ్రెయినులు. 1912లో వచ్చిన 0.375 మాగ్నం 300 గ్రెయినుల గుండుతో పులికిని దున్నకును సరిపోవునని పేరొందినది. కాని అసలు వివేకము గొట్టపు కొలతలో లేదు, గుండు నిర్మాణములో నున్నది. పులికి, చిఱుతకు మెత్తని కొన గల గుండు. అది తగిలినంతనే విచ్చుకొని వెడల్పుగా జీల్చును. ఏనుగు తలకు అట్టిది పనికిరాదు. ఎముకమీదనే చితికి నిలిచిపోవును. దానికి గట్టిలోహపు తొడుగు గల, విచ్చుకొనని గుండు కావలెను. మెత్తని గుండునకును గట్టి గుండునకును గల యీ యంతరము క్షురప్రమునకును, అంతయు నినుముగా నుండు నారాచమునకును గల యంతరమువంటిదే. కోయునది వేఱు, దూయునది వేఱు.

ఆఫ్రికాలో వేయికి పైగా ఏనుగులను జంపిన బెల్ అను స్కాట్లండు వేటకాడు వానిలో నధికభాగమును 0.275 అంగుళపు చిన్న రైఫిలుతో గొట్టెను. గట్టి గుండు, ఏనుగు పుఱ్ఱెలో మెదడున్న చోటు, ఈ రెండింటి యెఱుకయే యాతని బలము. దీనిని విని చిన్నతుపాకియే శ్రేష్ఠమని కొందఱును, అట్టి సాహసము సామాన్యుల ప్రాణములకు ముప్పని కొందఱును వాదులాడిరి. రెండవవారి మాటయే యుక్తము. దట్టమైన పొదలో పదిగజముల దూరమున గాయపడిన మృగము తిరుగబడినపుడు మెదడున్న చోటును లెక్కగట్టుకొను తీఱిక యందఱకు నుండదు.

ఇట్టి వాదములను వ్రాసిన గ్రంథములలో వ్యాకరణదృష్టికి దోచు దోషమొకటి కలదు. కత్తి చక్కగా నఱకుచున్నదని లోకము పలుకును. కరణమును కర్తగా జెప్పుట వివక్షాధీనమని వైయాకరణు లంగీకరింతురు. కాని పలుకుబడిలో నంగీకరించినదానిని తత్త్వమని భ్రమింపరాదు. ఈ తూటా పులిని జంపును, ఆ తూటా చంపదని పేజీలకొలది వ్రాయువారు కరణమునకు స్వాతంత్ర్యమునిచ్చి కర్తను మఱచుచున్నారు. కార్బెట్ తన కుమావూను గ్రంథమున జెప్పిన చంపావతు పులి కథ వీరు చదువవలసినది. 1907లో ఆ నరభక్షకిని వెంబడించునప్పటి కాతని మంచి రైఫిలున కున్నవి మూడే తూటాలు. అవి కాలిపోయినపిమ్మట తహసీలుదారు చేతిలోని పాడుబడిన తుపాకిని తెచ్చి తుదిగుండు కాల్చెను. నోటికి గుఱిపెట్టినది పాదమునకు దగిలినది. పులి ముందటి దెబ్బలచేతనే చావనుండెనట. తుపాకి గొప్పదనమున కిందు జోటు లేదు. దాపునకు బోయి నిలిచిన కర్త కున్నది. నల్లమలకే వచ్చినచో, నంద్యాలనుండి గిద్దలూరి త్రోవన రైలుమార్గముమీద నున్న దిగువమెట్ట పేరు కెనెత్ ఆండర్సను కథ యొకదానికి శీర్షికలోనే యెక్కినది. ఆతడు తఱచుగా వాడినది 0.405 అంగుళపు వించెస్టరు. ఆతని కథలను జదివినవారికి నిలిచియుండునది రైఫిలు కాదు. రాత్రి మంచెమీద విన్న సవ్వళ్లు.

సవ్వడి ప్రసక్తి వచ్చినది గనుక దశరథుని తుదిబాణమును దలపక తప్పదు. ఏనుగు నీరు త్రాగుచున్న ధ్వని యనుకొని శబ్దమునుబట్టి విడిచిన బాణము మునికుమారునకు దగిలెను. వనగజమును జంపుట రాజునకు నిషిద్ధమని కాళిదా సచ్చటనే చెప్పియున్నాడు. సర్గమంతట మృగమునకు దగిన బాణమును ఎన్నుకొనిన రాజు, మృగమేదియో చూడకుండ నొక్కటి విడిచెను. వ్యధధాతువు సరిగానే పనిచేసినది, మృగధాతువు తప్పినది. ముందు శ్లోకములలో నాయుధవివేకమంత సూక్ష్మముగా జూపబడియుండనిచో నీ తప్పు ఇంత భయంకరముగా దోపదు. వేటవర్ణన కథకు నంగమైనదనుటకు నిదర్శన మిదియే.

తెలుగున నీ రహస్యమును గ్రహించినవాడు పెద్దన. స్వరోచి వేటలోని జాగిలములకును వేటకాండ్రకును వాడిన పదజాలమును మెచ్చని పండితుడు లేడు. ఘట్టము పెరిగినదని విసుగుకొనని విద్యార్థియు దక్కువ. ఇరువురును దాని వెంటనే వచ్చు మనోరమ వృత్తాంతముతో దీనిని గలిపి చూచుట లేదు. రాక్షసునిచే దఱుమబడుచు వచ్చిన మనోరమ స్వరోచి కస్త్రహృదయవిద్య నుపదేశించును. అడవిమృగములన్నిటికి జాలిన యాయుధసంపద రాక్షసునకు జాలదు. అస్త్రము చేత నుండుట వేఱు, దాని హృదయము తెలియుట వేఱు. వేట యంత విపులముగా వర్ణింపబడినందుననే విద్యోపదేశమున కవసరము కలిగినది. అయినను కాళిదాసువలె మృగమున కొక్క బాణమును ఏర్పఱచి చూపు నిశితత పెద్దన వేటలో లేదనియే చెప్పవలెను. అతని దృష్టి ఆయుధముకంటె వేటసందడిమీద నెక్కువ.

ఆయుధనిర్ణయమునకు బరమావధి యనదగిన కథ మాత్రము ఆళ్లగడ్డకు జేరువనే యున్నది. అహోబలక్షేత్రమహిమను ఎఱ్ఱన నృసింహపురాణమున బాడెను. పోతన సప్తమస్కంధమున నా కథనే చెప్పెను. హిరణ్యకశిపుని వరమంతయు నిషేధముల పట్టిక. శస్త్రము కూడదు, ప్రాణమున్నది కూడదు, లేనిది కూడదు. ఒక్కొక్క కరణమును దొలగింపగా మిగిలినది గోరు. ప్రాణము గలదనుటకును లేదనుటకును వీలులేని వస్తువు. సాధకతమత్వమును ఇంతగా విచారించి కట్టిన కథ వేఱొకటి కానరాదు. దీనిని భక్తిరసమునకు మాత్రమే యుదాహరించువారు తర్కము యొక్క యందమును విడిచిపెట్టుచున్నారు.

ఆ గోళ్ల స్వామియే సంక్రాంతి వెళ్లిన కనుమనాడు పల్లకి యెక్కి పారువేటకు బయలుదేఱును. నలుబది నాళ్లకు దక్కువ గాకుండ చుట్టుపట్ల గ్రామములు తిరుగును. చెంచులక్ష్మిని బెండ్లాడినవాడగుటచే చెంచులకు బావ. పారువేట యను సమాసమున పూర్వపదము పాఱుట యనియే చెప్పుట యుచితము; పరుగిడు మృగమును వెన్నంటి పోవు వేట. పరివేట యని దిద్ది సంస్కృతోపసర్గను దగిలించుట యనావశ్యకము. చెంచుల వెదురువిల్లును, ఇనుపములికి గల బాణములను 1943లో ప్రకటింపబడిన హైమండార్ఫు గ్రంథమున జూడవచ్చును. అమ్ము, కోల, తూపు, అలుగు, ములికి యను నచ్చతెలుగు మాటలలో కొన్ని బాణమంతటికిని, కొన్ని కొనకు మాత్రమును జెందినవి. అలుగును ములికిని అమ్మునకు బర్యాయపదములుగా వ్రాసిన టీకలు ముద్రణమున నున్నవి. వానిని మరల ముద్రించునపుడైన నీ రెండింటిని వేఱుచేసి చూపవలసియున్నది.