గాలికి వీపు పెట్టి

మా చెల్లెలి మనవడు ఈ వారం విజయనగరం వచ్చాడు. పైలట్ శిక్షణకి దక్షిణాఫ్రికా వెళ్తున్నాడు. విమానం ఎక్కకముందే నావిగేషన్, రెగ్యులేషన్స్, మెటియరాలజీ, టెక్నికల్ జనరల్ పేపర్లు ఇక్కడే రాసేసి వెళ్లాలని వాడి పట్టుదల. డీజీసీఏ లెక్కన ఒక్కో పేపర్లో నూటికి 70 రావాలి.

"తాతా, ప్రశ్నలడుగు" అని క్వశ్చన్ బ్యాంకు నా చేతికిచ్చాడు.

ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎటుంటుంది? ప్రశ్న పూర్తవకముందే "ఎడమ" అన్నాడు.

"మరి నువ్వెళ్లే దేశంలో?"

మాట్లాడలేదు. భూమధ్యరేఖకి అవతల గాలి వంగే దిక్కు మారిపోతుంది, అక్కడ కుడి. భూగోళం బొమ్మ గీసి అరగంట చెప్పాను. ఫిజిక్స్ మాస్టారిగా బతికినవాణ్ణి. బట్టీ చదువుల మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలిసిందే. మళ్లీ దాని మీదే రాద్దామని కూర్చున్నాను.

రాస్తుంటే తిత్లీ తుపాను గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 10 రాత్రి పలాస దగ్గర, ఉద్దానంలో మా పెదనాన్న ఇంట్లో ఉన్నాను. రాత్రంతా జీడిచెట్లూ కొబ్బరిచెట్లూ విరిగి పడుతున్న చప్పుడు. తెల్లవారుజామున గాలి ఉన్నట్టుండి ఆగింది. చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం. పశువులు ఏమయ్యాయో చూద్దామని కుర్రాళ్లు లేచారు. గడియ తీసింది నేనే.

పెదనాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఎవులూ బైటికెల్లకండర్రా. గాలి తిరిగొస్తాది. ఈసారి అటునించి."

వచ్చింది. అటునుంచే వచ్చింది. శాల మీది రేకులు ఎగిరి వాకిట్లో పడ్డాయి, మేం నిలబడి ఉండాల్సిన చోట. నీకెలా తెలుసని తర్వాత అడిగితే, "మా అయ్య సెప్పినాడు" అన్నాడు. అంతకు మించి ఆయనకేం తెలీదు. తుపాను కన్ను బొమ్మ ఏళ్ల తరబడి నల్లబల్ల మీద గీసింది నేను. కన్ను దాటాక గాలి ఎందుకు ఎదురు దిక్కు నుంచి కొడుతుందో పిల్లలకి చెప్పింది నేను. ఆ క్షణంలో నా చెయ్యి మాత్రం గడియ మీద ఉంది.

ఇంజిన్‌కి మంటలంటుకుంటే పైలట్ మొదటి పనులకి పుస్తకం తెరవడు. కంఠతా వచ్చినవి వచ్చినట్టు చేసేస్తాడు, కాగితం మీది చెక్‌లిస్టు ఆ తర్వాతే. అర్థమైన విషయం గుర్తుకి రావడానికి కాస్త వ్యవధి కావాలి. ఆ వ్యవధి లేని చోటికి వీడు వెళ్తున్నాడు.

రాసిన కాగితం పక్కన పెట్టి వాణ్ణి డాబా మీదికి పిలిచాను. నిలబెట్టి అడిగాను.

"ఇక్కడ?"

"ఎడమ."

"అక్కడ?"

"కుడి. తాతా, నాకర్థమైంది కదా..."

"అయింది. మళ్లీ చెప్పు."

చీకటి పడేదాకా చెప్పించాను.