జంపన్న: ఒక పేరు, మూడు తప్పుడు అర్థాలు

పదో తరగతి నామినల్ రోల్స్ రాసే రోజుల్లో ఒక తండ్రి బడికి వచ్చాడు. వరుసకు నాకు బావ. "మావోని పేరు మార్చాలె బావా" అన్నాడు. కొడుకు పేరు జంపన్న. మెమోలో ఒకసారి పేరు పడిందంటే తర్వాత మార్చుకోవడం కష్టమని ఎవరో చెప్పారట. ఏ పేరు పెడతావని అడిగితే జేబులోంచి చీటీ తీశాడు. రెండు పేర్లున్నాయి, రెండూ టీవీలో విన్నవే.

పిల్లవాడిని పిలిచి అడిగాను. తోటివాళ్లు "జంప్ అన్నా, జంప్ అన్నా" అని ఆటపట్టిస్తున్నారట. దానికి బాధ లేదన్నాడు. "ఓడిపోయి వాగుల దూకినోని పేరు అంటున్నరు సార్. పుస్తకాలల్ల గూడ అట్లనే ఉన్నది. ఓడిపోయినోని పేరు వాగుకు ఎందుకు పెట్టిండ్రు సార్?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ రాసిన వ్యాసమిది.

జంపన్న ఎవరో మన ప్రాంతంలో చెప్పనక్కరలేదు. సమ్మక్క, పగిడిద్దరాజుల కొడుకు. సారలమ్మ, నాగులమ్మల తోడబుట్టినవాడు. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ ప్రతాపరుద్రుని సేన మేడారం మీదికి వచ్చిందని, ఆ పోరులో ఈ కుటుంబంలో చాలామంది నేలకొరిగారని మన కథ చెబుతుంది. జంపన్న పడిన సంపెంగ వాగు ఆనాటి నుంచి జంపన్నవాగు అయింది.

ఈ పేరుకు బయట మూడు అర్థాలు తిరుగుతున్నాయి.

మొదటిది పిల్లల వేళాకోళం. ఇంగ్లీషు "జంప్" నుంచి వచ్చిందని. కాకతీయుల కాలపు కథలోకి ఇంగ్లీషు మాట ఎలా వస్తుందని అడిగితే పిల్లలే నవ్వి ఊరుకుంటారు.

రెండోది చదువుకున్నవాళ్ల మాట. సంస్కృతంలో "ఝంప" అంటే దూకడం, అందులోంచే జంపన్న వచ్చాడంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. తల్లి పేరు పెట్టింది పుట్టినప్పుడు. వాగులో పడింది చనిపోయేటప్పుడు. బిడ్డ ఎలా చనిపోతాడో ముందే తెలిసి ఏ తల్లయినా పేరు పెడుతుందా? పైగా మన కోయమాటలో ఒత్తు "ఝ" పలకదు. మన పేరు కనబడగానే దానికి సంస్కృతంలో ఒక మూలం వెతికి, దొరికితేనే అది అర్థమున్న పేరు అనుకోవడం పేర్ల పుస్తకాల అలవాటు. గోదావరి జిల్లాల్లో "జంపన" అనే ఇంటిపేరు కూడా ఉంది. శబ్దం దగ్గరగా ఉన్నంత మాత్రాన రెంటికీ చుట్టరికం కలపలేం.

మూడోదే అసలు ప్రమాదం. "ఓటమి భరించలేక సంపెంగ వాగులో దూకి ఆత్మహత్య చేసుకున్నాడు" అనే వాక్యం. జాతర కరపత్రాల నుంచి వ్యాసాల దాకా ఒకరిది చూసి ఒకరు రాస్తున్నారు. ఈ వాక్యాన్ని పక్క వాక్యాలతో కలిపి చదవాలి. తండ్రి పగిడిద్దరాజు వీరమరణం పొందాడని రాస్తారు. బావ గోవిందరాజు వీరమరణం పొందాడని రాస్తారు. అదే యుద్ధంలో, అదే శత్రువు చేతిలో పోరాడిన కొడుకు దగ్గరికి వచ్చేసరికి మాట మారిపోతుంది. ఆ వెంటనే, అతని రక్తంతో వాగు ఎర్రబడిందని కూడా వాళ్లే రాస్తారు. ఒంటి మీద గాయం లేనివాడు నీళ్లలో దూకితే వాగు ఎర్రబడుతుందా? అంటే నీళ్లు చేరేసరికే అతని ఒళ్లంతా గాయాలు. చివరిదాకా కొట్లాడినవాడని ఆ కథే సాక్ష్యం చెబుతోంది. నేల రంగు వల్లే నీళ్లు ఎర్రగా ఉంటాయని సైన్స్ సారు చెప్పవచ్చు. చెప్పనివ్వండి. కానీ ఆ ఎరుపుకు మన పెద్దలు చెప్పుకున్న కారణం సిగ్గు కాదు, నెత్తురు.

మరి మన అర్థం ఏమిటి? పేరు చివర చూడండి. సమ్మక్కలో అక్క ఉంది. సారలమ్మలో అమ్మ ఉంది. జంపన్నలో అన్న ఉన్నాడు. మనం దేవతలను చుట్టరికంతో పిలుచుకుంటాం. మిగిలిన అర్థం వాగులో ఉంది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జాతర వస్తే, జనం ముందు ఆ వాగులో స్నానం చేసి తర్వాతే గద్దెల దగ్గరికి పోతారు. కన్నెపల్లి నుంచి సారలమ్మ ఆ వాగు దాటే మేడారం వస్తుంది. ఓడినవాడని తలిస్తే జనం ఆ నీళ్లను నెత్తిన చల్లుకుంటారా? పిల్లవాడి ప్రశ్నకు జవాబు ఇదే.

ఇంత పేరున్నవాడి పేరు పిల్లలకు ఎందుకు తక్కువ? సమ్మయ్యలు, సమ్మక్కలు, సారక్కలు వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో ఆదివాసేతరుల్లో కూడా ఎందరో ఉన్నారు. సంతానం కోసం తల్లికి మొక్కుతారు, పుడితే తల్లి పేరు పెడతారు. ములుగులోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికీ, తుపాకులగూడెం బ్యారేజీకీ తల్లి పేరే పెట్టారు. జంపన్న దగ్గర మొక్కు కంటే ముందు మునక. అందుకే అతని పేరు మనుషుల కంటే ఎక్కువగా నీళ్లకే దక్కిందని నాకు అనిపిస్తుంది. ఆ పేరు పెట్టుకున్న ఇల్లు ఏదైనా ఉంటే, వాళ్లు లోకంలో నడిచే పేరును కాదు, కథను తలచుకుని పెట్టుకున్నారన్నమాట.

ఇక టీచర్లకు ఒక మాట. ఇందులో నా తప్పు కూడా ఉంది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, తల్లి "లచ్చు" అని చెబితే అడ్మిషన్ రిజిస్టర్‌లో "లక్ష్మణ్ కుమార్" అని రాశాను. పుట్టిన వారాన్నిబట్టి సోమయ్యో సుక్రయ్యో అయిన పిల్లలకు కూడా అలాగే "మంచి" పేర్లు రాశాను. మేలు చేశాననుకున్నాను. ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరుతో పెరిగిన ఆ పిల్లలు ఇప్పుడు ఆధార్‌కూ కుల ధ్రువపత్రానికీ పేరు కలవక తిరుగుతున్నారు. తల్లి చెప్పిన పేరు చెప్పినట్టు రాయడం మన పని. దిద్దడం మన పని కాదు.

బావకు ఇదంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "మా తాత పేరు గూడ అదే" అన్నాడు చివరికి. పేరు మార్చేదీ ఉంచేదీ కొడుకునే తేల్చుకోమన్నాడు. మర్నాడు నామినల్ రోల్ కాగితం ఆ పిల్లవాడి ముందు పెట్టి, పేరు నువ్వే రాయమన్నాను. చీటీలోని రెండు పేర్లూ పక్కనే ఉన్నాయి. వాటిని ఒకసారి చూశాడు. "జకు ఒత్తు ఉండదు గదా సార్?" అని అడిగి, రాశాడు.