కోపానికో మగ్గం

షోలాపూర్ చద్దరు మంచిదో కాదో చూడాలంటే ముందు తిరగెయ్యాలి. పైన ఎరుపు మీద తెల్ల నెమలి ఉంటే వెనక తెలుపు మీద ఎర్ర నెమలి ఉండాలి. ఎక్కడా పోగు వేలాడకూడదు. తోక అంచు రెండు వైపులా ఒకే చోట తెగాలి. అద్దకం దుప్పటికి వెనకవైపు వెలిసిపోయి ఉంటుంది, దీనికి రెండూ ముందువైపులే.

ఆ నెమలి మొదట పుట్టేది గ్రాఫు కాగితం మీద. గడికో పోగు లెక్క. గడుల్లో రంగు నింపాక వరసకో అట్ట కొడతారు: పోగు లేవాల్సిన చోట రంధ్రం, లేవకూడని చోట ఏమీ ఉండదు. అట్టలన్నీ దారంతో గొలుసులా కుట్టి జకార్డు మీదికి ఎక్కిస్తారు. మగ్గం ఆడుతుంటే ఒక్కో అట్టా వచ్చి సూదులకు ఆనుతుంది. రంధ్రం దొరికిన సూది తాలూకు కొక్కెం పైకి లేస్తుంది, దాంతో పడుగు పోగు లేస్తుంది, నాడె కిందుగా దూసుకుపోతుంది. అట్ట కొట్టేవాడు ఒక్క రంధ్రం ఎక్కువ కొట్టాడా, నెమలి కంటి పక్కన మచ్చ పడుతుంది. చూసుకోకపోతే ఆ అట్టలు అరిగేదాకా ప్రతి చద్దరులోనూ అదే మచ్చ. అందుకే ఆ పనిలో ఉన్నవాళ్ళు ఎక్కువ మాట్లాడరు.

ఈ చేతులు తెలంగాణ నుంచి వచ్చినవి. నిజాం రాజ్యం పొలిమేర దాటగానే షోలాపూర్. 1860 నాటికి రైలొచ్చింది, 1877లో జూనీ మిల్లు వచ్చింది, నూలు దొరికింది. కరువు, అప్పులు, వెట్టి తరుముతుంటే పద్మశాలి కుటుంబాలు తరాల తరబడి ఇటు నడిచాయి. ఊరికి తూర్పున సాఖర్ పేట, దాజీ పేట, అశోక్ చౌక్ చుట్టుపక్కల ఇప్పటికీ ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి రథం కదిలితే తూర్పు భాగమంతా దాని వెంట ఉంటుంది.

నేతకారుల పేటల గురించి రాసేవాళ్ళు సాధారణంగా ఇక్కడితో ఆగి, పాపం అనేసి వెళ్ళిపోతారు. నాకు మాత్రం ఈ పేట ఇంకో పనితనం కోసం ముఖ్యం. చేతికి ధర పడిపోయిన మనుషుల కోపాన్ని ఏం చెయ్యాలన్నది ఇక్కడ ఎంతో కాలంగా, తప్పులతో సహా, నేర్చుకుంటూ వస్తున్నారు.

1978ని తీసుకోండి. ఆ ఏడాది కరీంనగర్ జిల్లాలో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. కొద్ది వారాలకే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత అక్కడి యువకులు ఎందరు తుపాకీ పట్టారో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. సరిగ్గా అదే ఏడాది షోలాపూర్ తెలుగు పేటల నుంచి నర్సయ్య ఆడం అనే మార్క్సిస్టు మహారాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. వీధిలో ఆయన ఆడం మాస్టర్. అదే తెలంగాణ మూలాలున్న జనం, అదే ఎర్రజెండా, దారులు మాత్రం వేరు. అక్కడి తగవు భూమిది, దొరలది. ఇక్కడిది కూలిది అని తేడా చెప్పొచ్చు. నిజమే గాని అది సగమే. దొర గడీ ముందు నిలబడ్డవాడి ఫిర్యాదు రాసుకునే చోటు లేదు. షోలాపూర్‌లో యూనియన్ ఆఫీసుంది, లేబర్ కోర్టుంది, ఓటుకు విలువుంది. మాట చెల్లే చోటు ఒక్కటి కనబడితే మనిషి తుపాకీ దాకా వెళ్ళడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలోనే చాలా ప్రాణాలు దక్కుతాయి.

పేదరికమే ఉగ్రవాదానికి తల్లి అనేది తేలిగ్గా నోటికొచ్చే మాట. అమెరికన్ ఆర్థికవేత్త అలన్ క్రూగర్ లెక్కలు తీసి, ఉగ్రవాద ముఠాల్లో చేరినవాళ్ళు తమ చుట్టూ ఉన్నవాళ్ళ కంటే పేదలూ కారు, చదువు తక్కువైనవాళ్ళూ కారని 2007లో పుస్తకమే రాశాడు. తూర్పు భాగం చూసినా అంతే అనిపిస్తుంది. ఇక్కడ పేదరికం ఎన్నడూ తగ్గలేదు. ఎటు వెళ్ళాలన్నది మాత్రం మారుతూ వచ్చింది. ఒకే కులం నుంచి కాంగ్రెస్ ఎంపీలు గంగాధర్ కూచన్, ధర్మణ్ణ సాదుల్ వచ్చారు, 1996లో బీజేపీ ఎంపీ లింగరాజ్ వల్యాల్ వచ్చారు, కమ్యూనిస్టు ఎమ్మెల్యే వచ్చారు.

ఇక ఆ పనితనం. నేతకారుడి ఇంట్లో ఆడమనిషి చేతిలో బీడీ చాట ఉంటుంది. తునికాకు కత్తెరతో కోసి, పొగాకు పరిచి, చుట్టి, మూతి మడిచి, దారం కడుతుంది. వెయ్యికింత అని కూలి. కార్ఖానాలో అప్పజెప్పేటప్పుడు బాగోలేదని కొన్ని పక్కకు తీసేస్తారు, వాటికి కూలి లేదు. చేసిన పనిని కళ్ళముందే చెత్త అనిపించుకోవడం ఎంత మండిస్తుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. ఆ మంటను యూనియన్ కాగితాల్లోకి దించింది: కూలి రేటు, పీఎఫ్, గుర్తింపు కార్డు, చివరికి ఇల్లు. కేంద్రం కొంత, రాష్ట్రం కొంత, బీడీ కార్మికురాలు కొంత వేసుకుని ఊరి బయట కుంభారి దగ్గర 10,000 ఇళ్ళు కట్టారు. వర్లీ ఆదివాసులను కూడగట్టిన గోదూతాయి పరులేకర్ పేరు పెట్టారు. 2006లో తాళాలిచ్చింది ప్రధాని మన్మోహన్ సింగ్.

పదివేల దరఖాస్తులు. ఒక్కోదానికీ పీఎఫ్ నంబరు, రేషన్ కార్డు, కార్మికురాలి వాటా కట్టిన రసీదు. ఒక్క కాగితం తప్పితే ఒక కుటుంబం వరస నుంచి జారిపోతుంది. అట్ట కొట్టేవాడి జాగ్రత్తే ఇదీ. ఊరేగింపులో నినాదమిచ్చేవాళ్ళు ఎప్పుడూ దొరుకుతారు. ఊరేగింపు అయ్యాక కూర్చుని ఫారాలు నింపేవాళ్ళే కరువు. విప్లవ సాహిత్యంలో వీళ్ళ మీద పాటలు పెద్దగా లేవు, అది ఆ సాహిత్యం లోపం.

అలాగని పేటను ఆకాశానికెత్తను. 1930 మేలో గాంధీ అరెస్టు తర్వాత ఈ ఊరు ఎంత రగిలిందంటే తెల్లదొరలు మార్షల్ లా పెట్టారు. 1931 జనవరి 12న మల్లప్ప ధనశెట్టి, శ్రీకృష్ణ సార్డా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్‌లను ఉరితీశారు. నాలుగు పేర్లూ ఒక వరసలో చదివితే అప్పటి షోలాపూర్ కనిపిస్తుంది. అదే ఊళ్ళో 1967లో మతకల్లోలం. 2002 అక్టోబరులో ఎక్కడో అమెరికాలో జెర్రీ ఫాల్వెల్ అనే మతబోధకుడు టీవీలో ప్రవక్త మీద కారుకూత కూస్తే ఇక్కడ బంద్, అల్లర్లు, పోలీసు కాల్పులు, శవాలు. సముద్రాలవతల అన్న మాట ఈ వీధుల్లో మనుషుల్ని చంపగలిగిందంటే కారణం ఆ మాటలో మాత్రమే వెతికితే దొరకదు.

అదే ఏడాది రాజనీతి శాస్త్రజ్ఞుడు అశుతోష్ వార్ష్ణేయ పుస్తకం వచ్చింది. హైదరాబాద్, లక్నో వంటి నగరాలను జంటలుగా పోల్చి, హిందువులూ ముస్లిములూ ఒకే సంఘంలో, ఒకే వ్యాపారంలో కలిసి పనిచేసే చోట పుకారు అల్లరిగా మారడం కష్టమని చూపించాడు. మిల్లు గేటు అలాంటి చోటు. షిఫ్టు మారేటప్పుడు అన్ని కులాలూ మతాలూ ఆ గేటులోంచే పోవాలి, సమ్మె చేస్తే అందరూ కలిసే చెయ్యాలి. జూనీ మిల్లు 1960లలోనే పోయింది, లక్ష్మీ విష్ణు మిల్లు 1990లలో మూతపడింది. మిగిలినవి ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగో ఎనిమిదో మగ్గాలున్న కార్ఖానాలు. సేటూ మనవాడే, పనివాడూ మనవాడే. అక్కడ పక్క మతంవాడి గురించి ఏ పుకారు వచ్చినా, కాదు నాకు తెలుసు అని అడ్డం తగిలేవాడు లేడు. నా లెక్కలో తీవ్రవాదానికి వేరు ఇక్కడుంది. కార్ఖానా కూలి పెంచినంత మాత్రాన దాన్ని పీకలేం.

చద్దరుకూ గడ్డుకాలమే. భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చి ఇరవై ఏళ్ళయింది, పానిపట్టులో చేసిన చౌక సరుకు షోలాపూర్ పేరుతోనే అమ్ముడుపోతోంది. చాలా మగ్గాలు తువ్వాళ్ళకు మళ్ళాయి.

ఇళ్ళ పని మాత్రం ఆగలేదు. అసంఘటిత కార్మికులందరికీ 30,000 ఇళ్ళతో రే నగర్ అనుకున్నారు. 2019 జనవరిలో శంకుస్థాపన చేసింది ప్రధాని మోదీ. వేదిక మీద ఆడం మాస్టర్ ఆయన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకున్నందుకు సొంత పార్టీ కేంద్ర కమిటీ నుంచి మూడు నెలలు సస్పెండ్ అయ్యారు. పార్టీకి దాని లెక్కలుంటాయి. నాకైతే శత్రువు చేత కూడా తనవాళ్ళ పని చేయించుకోగలగడం పనితనంలో చివరి మెట్టు అనిపిస్తుంది. 2024 జనవరి 19న అదే ప్రధాని వచ్చి 15,000 ఇళ్ళు అప్పగించారు.

ఓట్లు వేరే సంగతి. 2004 తర్వాత ఆడం మాస్టర్ మళ్ళీ గెలవలేదు. 2009, 2014, 2019, 2024, ప్రతిసారీ ఓడిపోయారు. ప్రతిసారీ నామినేషన్ వేశారు.