లెక్కకు ముందు వేరు చేయడం

కోలార్ జిల్లాలో కె.జి.ఎఫ్. పేరు చెప్తే బంగారం, సైనైడ్ దిబ్బలు, 2001లో మూతపడ్డ గనులు గుర్తొస్తాయి. ఫిజిక్స్ పాఠం చెప్పే నాకు మాత్రం ఆ గని ఒక పద్ధతి నేర్పింది: లెక్కపెట్టే ముందు, అందులో కలిసిపోయినవాటిని వేరు చేయాలి.

1965లో అక్కడి చాంపియన్ రీఫ్ గనిలో, నేలకు 2.3 కిలోమీటర్ల లోతున, టాటా పరిశోధన సంస్థ, ఒసాకా, డర్హమ్ శాస్త్రవేత్తలు వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు. ఆ బృందంలో ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్, పి.వి. రమణమూర్తి ఉన్నారు. అంత లోతుకు చేరే కాస్మిక్ కిరణాల మ్యూయాన్లు దాదాపు నిటారుగా పైనుంచే వస్తాయి. పక్కనుంచి రావాలంటే ఇంకెన్నో కిలోమీటర్ల రాయి దాటాలి, అది వాటివల్ల కాదు. కాబట్టి అడ్డంగా దూసుకొచ్చిన మ్యూయాన్ దగ్గరి రాతిలో న్యూట్రినో పుట్టించినదే అని తేల్చారు.

కేంద్రక సంలీనంలోనూ కలిసిపోయినవాటిని వేరు చేయాల్సిన ఇదే చిక్కు. బెరీలియం-9 బలహీనంగా కూడుకున్న కేంద్రకం. 1.67 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు ఇస్తే దాని న్యూట్రాన్ ఊడిపోతుంది, మిగిలింది రెండు ఆల్ఫా కణాలుగా చీలుతుంది. మామూలు స్థిర కేంద్రకాల్లో న్యూట్రాన్ ఊడటానికి 8 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దాకా కావాలి. బెరీలియాన్ని సీసం-208 మీదికి పంపితే అది మొత్తంగా కలవొచ్చు, లేదా దగ్గరికి రాగానే చీలి ఒక్క ఆల్ఫా మాత్రమే కలవొచ్చు. మొదటి దారిలో రేడాన్, రెండో దారిలో పొలోనియం వస్తాయి. రేడాన్ కూడా క్షీణించి పొలోనియమే అవుతుంది గనక ఆ వాటాను తీసేయాలి. కాన్‌బెర్రా శాస్త్రవేత్తలు 1999లో ఇలా విడదీసి చూస్తే, విద్యుత్ వికర్షణ గోడకు పైన సంపూర్ణ సంలీనం సిద్ధాంతం చెప్పినదానికంటే సుమారు మూడో వంతు తగ్గింది. రెంటినీ కలిపి లెక్కిస్తే ఆ లోటు కనబడదు. ముంబైలోని పెలెట్రాన్ యాక్సిలరేటర్‌లో లిథియం కిరణాలతో చేసిన ప్రయోగాల్లోనూ సంపూర్ణ సంలీనం ఇలాగే తగ్గింది.

వేరు చేయడం ఎంత కష్టమో కె.జి.ఎఫ్.లోనే తెలిసింది. 1980లలో అక్కడ 140 టన్నుల ఇనుప డిటెక్టర్‌లో ప్రోటాన్ క్షీణత అనిపించే కొన్ని ఘటనలు దొరికాయి. జపాన్, అమెరికాల్లోని పెద్ద ప్రయోగాలు వాటిని ధ్రువీకరించలేదు. న్యూట్రినో ఢీకొన్నా అలాంటి గుర్తులే పడగలవు. ఆ శ్రమ వృథా అని నేననను. దేన్ని ఇంకా విడదీయాలో అది చూపింది.

అందుకే మా విద్యార్థుల రికార్డులో ఫలితం పక్కనే రెండు వాక్యాలు అడుగుతాను: ఇందులో ఏమేం కలిసి ఉండొచ్చు, వాటిని ఎలా తీసేశారు? కోలార్‌లోనూ, పక్కనే ఉన్న చిత్తూరులోనూ ఫిజిక్స్ చెప్పే ప్రతి మాస్టారూ ఆ రెండు వాక్యాలు అడగాలని నా కోరిక. సంఖ్య సరిగ్గా రావడంకన్నా, అది దేని సంఖ్యో తెలియడం పిల్లలకు ముందు కావాలి.