స్వప్నమూర్తికి దేహం: 'ది శాండ్‌మాన్' కామిక్, దాని టెలివిజన్ అనుసరణ

నీల్ గెయ్‌మన్ రచించిన 'ది శాండ్‌మాన్' కామిక్ 1989 నుండి 1996 వరకు 75 సంచికలుగా వెలువడింది. ప్రచురణకర్త డీసీ కామిక్స్. దీనిని వెండితెరకు తేవాలన్న ప్రయత్నాలు 1990 దశకంలోనే మొదలయ్యాయి. దర్శకుడు రోజర్ ఏవరీ తలపెట్టిన చిత్రం ముందుకు సాగలేదు. జోసెఫ్ గోర్డన్-లెవిట్ 2016లో ఈ పని నుండి తప్పుకున్నాడు. చివరకు 2022 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ దీనిని ధారావాహికగా విడుదల చేసింది. 2025 జులైలో రెండవ భాగంతో అది ముగిసింది.

ఈ సుదీర్ఘ విలంబానికి సాధారణంగా చెప్పే కారణాలు రెండు: నిర్మాణవ్యయం, కథావిస్తృతి. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే నరకాన్ని చూపడం, కలల రాజ్యాన్ని నిర్మించడం నేటి సాంకేతికతకు అసాధ్యమైన పనులు కావు. విస్తృతమైన కథను భాగాలుగా చెప్పడానికి ధారావాహిక తగిన రూపమే. స్థిరమైన రూపమంటూ లేని పాత్రకు ఒక నటుని దేహాన్ని కేటాయించవలసి రావడమే ఈ అనుసరణలోని మౌలికమైన చిక్కు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

తెలుగు పాఠకునికి బొమ్మ, కథ కలిసి పరిచయమైనది ఎక్కువగా 'చందమామ' ద్వారా. అక్కడ బొమ్మ కథకు తోడు. బొమ్మను తీసివేసినా బేతాళకథ నిలుస్తుంది. కామిక్‌లో బొమ్మను తీసివేస్తే మిగిలేది కథ కాదు, సంభాషణల జాబితా. గడికీ గడికీ మధ్య ఉన్న ఖాళీలో జరిగినదానిని పాఠకుడే పూరించుకుంటాడని స్కాట్ మెక్లౌడ్ 1993లో వెలువరించిన 'అండర్‌స్టాండింగ్ కామిక్స్'లో వివరించాడు. దీనిని ధ్వనితో సమానం చేయాలన్న ఆకర్షణ మనవంటి వారికి సహజం. కాని అది తొందరపాటు అవుతుంది. ధ్వనిలో వాచ్యం నుండి వ్యంగ్యానికి చేరుతాము. గడుల మధ్య ఖాళీలో చాలా సందర్భాలలో మనం ఊహించేది వాచ్యమైన సంఘటననే. సహృదయుని భాగస్వామ్యం ఒక్కటే రెండింటికీ సామాన్యం.

అనుసరణ సిద్ధాంతంలోనూ ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. లిండా హచియన్ చెప్పే 'చెప్పడం', 'చూపడం' అనే విభజన నవల సినిమాగా మారినప్పుడు చక్కగా అమరుతుంది. కామిక్ అప్పటికే చూపుతున్నది. కాబట్టి మనం పరిశీలించవలసినది గీసి చూపడం నుండి ఛాయాగ్రహణం ద్వారా చూపడానికి జరిగిన మార్పును.

ఈ కామిక్‌లోని కథానాయకుడు మార్ఫియస్. 'ఎండ్‌లెస్' అనే ఏడుగురు తోబుట్టువులలో అతడు స్వప్నానికి అధిపతి. చూచేవారిని బట్టి అతని రూపం మారుతుంది. తొమ్మిదవ సంచికలో ఆఫ్రికా రాణి నాడా అతనిని నల్లని దేహంతో, కైకుల్ అనే పేరుతో ఎరుగును. అయిదవ సంచికలో అంగారక గ్రహవాసి కంటికి అతడు మంటలు రేగే శిరస్సుగా కనబడతాడు. పద్దెనిమిదవ సంచికలో పిల్లులకు అతడొక మహామార్జాలం. ఇది కథలో అక్కడక్కడ వచ్చే చమత్కారం మాత్రమే కాదు, కామిక్ తయారైన విధానంలోనే ఇమిడి ఉంది. ఒక చిత్రకారుడు తప్పుకొని మరొకడు రాగానే నాయకుని ముఖం మారిపోతుంది. 'ది కైండ్లీ వన్స్'లో మార్క్ హెంపెల్ గీసిన కోణాకృతులు, 'ది వేక్'లో సిరా దిద్దకుండా అచ్చు వేసిన మైకేల్ జుల్లీ పెన్సిల్ రేఖలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరూ గీసింది ఒకే లోకాన్నని నమ్మడం కష్టం. అయినా పాఠకుడు తడబడడు. అక్షరలేఖకుడు టాడ్ క్లైన్ మార్ఫియస్ మాటలను నల్లని బుడగలో తెల్లని అక్షరాలతో వ్రాశాడు. ముఖం ఎంత మారినా ఆ బుడగ అతనిని గుర్తు పట్టిస్తుంది. ఆ గొంతు ఎలా ఉంటుందో మాత్రం ఏ పాఠకునికి ఆ పాఠకుడే నిర్ణయించుకుంటాడు.

ఇక్కడ శ్రీహర్షుని నైషధంలోని పంచనలీయఘట్టం, దానిని తెనిగించిన శ్రీనాథుడు స్మరణకు రావడం సహజం. నలుని రూపు దాల్చిన దేవతలను సరస్వతి శ్లేషతో వర్ణిస్తుంది. ఒకే పదం నలునికీ, దేవతకూ చెల్లుతుంది. అక్కడ రూపం ఒకటి, వ్యక్తులు అయిదుగురు. ఇక్కడ వ్యక్తి ఒకడు, రూపాలు అనేకం. పరిస్థితి తలక్రిందులైనా చిక్కు ఒకటే. పుటమీద ఏకకాలంలో నిలిచే అనేకత్వాన్ని రంగం మీదికి తెచ్చేసరికి ఎవరో ఒకరు దేహం ధరించి కూర్చోవాలి.

ధారావాహికలో ఆ దేహం టామ్ స్టరిడ్జ్‌ది. కామిక్‌లోని నల్లని కనుగుంటలలో నక్షత్రాల వలె మెరిసే కాంతిబిందువులకు బదులు ఇక్కడ మామూలు మానవనేత్రాలు ఎక్కువ సేపు కనిపిస్తాయి. నాడా కనబడే నాలుగవ భాగంలో క్షణకాలం మరొక నటుడు కైకుల్‌గా దర్శనమిస్తాడు. ఆ క్షణం కామిక్ స్వభావానికి చాలా దగ్గరగా ఉంది. మృత్యువు పాత్రకు నల్లజాతి నటి కర్బీ హోవెల్-బాప్టిస్ట్‌ను ఎంచుకున్నప్పుడు మూలానికి ద్రోహం జరిగిందని కొందరు అభ్యంతరం చెప్పారు. మూలాన్ని చదివినవారు చేయవలసిన అభ్యంతరం కాదది. స్థిరరూపం లేనివారికి తెల్లని చర్మమే ప్రమాణమనడం మూలానికే విరుద్ధం. ఆ తర్కాన్ని మార్ఫియస్ విషయంలో నిర్మాతలు మరింత దూరం తీసుకుపోలేదన్నదే నా అసంతృప్తి.

నటుని దేహంతో పాటు మనస్తత్వమూ వస్తుంది. ముఖాన్ని దగ్గరగా చూచిన ప్రేక్షకుడు 'ఇతడిలా ఎందుకు చేస్తున్నాడు?' అని అడుగుతాడు. ఆరవ సంచిక '24 అవర్స్'లో జాన్ డీ ఒక ఫలహారశాలలో చిక్కుకున్నవారిని గంటగంటకూ హింసించి చంపుతాడు. అస్థిపంజరం వంటి ఆ ఆకారాన్ని కారణం అడగాలని పాఠకునికి తోచదు. అతనికది కాలక్షేపం, అంతే. దీనికి అనుసరణ అయిన '24/7' భాగంలో డేవిడ్ థ్యూలిస్ నటన ఉన్నతంగా ఉంది. కాని అక్కడ జాన్ డీకి ఒక ఆశయం సమకూరింది: అబద్ధాలు లేని లోకం కావాలి. ఆశయం దొరకగానే భయానకం వాదనగా మారింది. హింస ఆ వాదనకు దృష్టాంతమైంది. కామిక్‌లో కారణం లేకపోవడమే భయానికి ఆలంబనం. అనుసరణకర్తలు ఇక్కడ అనౌచిత్యానికి పాల్పడ్డారని అనను. సజీవమైన ముఖం అడిగిన ప్రశ్నకు వారు సమాధానం చెప్పారు. ఆ సమాధానానికి చెల్లించిన మూల్యం మాత్రం పెద్దది.

అదే సజీవమైన ముఖం మరొకచోట మూలానికి లేని లోతును ఇచ్చింది. పదమూడవ సంచికలో హాబ్ గాడ్లింగ్ 1389లో చావు తనకు అక్కరలేదంటాడు. నూరేళ్లకొకసారి అదే పానశాలలో మార్ఫియస్‌ను కలుసుకోవాలని ఒప్పందం. 1889లో 'నీవు ఒంటరివి, నీకు స్నేహితుడు కావాలి' అన్నట్లుగా మాట్లాడి మార్ఫియస్ కోపానికి గురవుతాడు. కామిక్‌లో మార్ఫియస్ చెర 1916లో మొదలై 1988లో ముగుస్తుంది. అందువల్ల 1989 సమావేశానికి అతడు సకాలంలోనే వస్తాడు. ధారావాహిక కథను వర్తమానానికి జరిపింది. చెర నూరేళ్లకు పైబడింది. ఫలితంగా 1989లో హాబ్ ఒంటరిగా ఎదురు చూస్తాడు, ఎవరూ రారు. ముప్ఫై ఏళ్లు దాటిన తరువాత మార్ఫియస్ వెతుక్కుంటూ వచ్చి, మిత్రులను వేచి ఉండేటట్లు చేయడం మర్యాద కాదని విన్నానంటాడు. కామిక్‌లోనూ ఇదే భావం గల మాట ఉంది. అక్కడది అహంకారి మెల్లగా మెత్తబడటం. ఇక్కడ అది క్షమాపణ అయింది. కాలక్రమాన్ని సవరించక తప్పని అవసరం నుండి పుట్టిన ఈ అర్థాన్ని గుర్తించి, దానికి తగిన నిశ్శబ్దాన్ని ఇచ్చిన ఘనత అనుసరణకర్తలదే. ఫెర్డినాండ్ కింగ్స్లీ ముఖంలో ఆరు శతాబ్దాల స్నేహం కనబడుతుంది. ఏ రేఖాచిత్రమూ ఆ ముఖానికి సాటి రాదని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. ఎనిమిదవ సంచికలోని మృత్యుసంచారాన్నీ ఈ కథనూ ఒకే భాగంగా కూర్చడంలోనూ మంచి వివేచన ఉంది. రెండూ నడకలు, మాటలు, ఎదురుచూపులు. నటుల దేహాలు మోయగల వస్తువులవి.

ఈ అనుసరణ తన హద్దును తానే చెప్పుకొన్న సందర్భం ఒకటుంది. పది భాగాలు విడుదలైన రెండు వారాలకు, 2022 ఆగస్టు 19న, మరొక భాగం అదనంగా వచ్చింది. అందులోని రెండవ కథ 'కాలియోపి'ని నటులతో తీశారు. మొదటి కథ 'ఎ డ్రీమ్ ఆఫ్ ఎ థౌజండ్ క్యాట్స్'ను మాత్రం హిస్కో హుల్సింగ్ దర్శకత్వంలో యానిమేషన్‌గా రూపొందించారు. ఒకప్పుడు పిల్లులు ప్రభువులనీ, మనుషులు వెయ్యిమంది కలిసి కల గని లోకాన్ని మార్చివేశారనీ, వెయ్యి పిల్లులు అదేవిధంగా కల గంటే పాతలోకం తిరిగి వస్తుందనీ ఒక సయామీ పిల్లి రాత్రివేళ శ్మశానంలో బోధిస్తుంది. కంప్యూటర్ సహాయంతో నిజమైన పిల్లుల చేత మాట్లాడించడం నేడు కష్టం కాదు. అయినా నిర్మాతలు గీతను ఆశ్రయించారు. కేవలం పాత్రలు జంతువులు కావడం వల్లనే ఈ ఎంపిక జరిగిందని నేను భావించను. ఈ కథలో లోకరూపమే అస్థిరం. కల మారితే లోకం మారుతుంది. అంతటి అస్థిరతను కెమెరా నమ్మించలేదు, గీత నమ్మించగలదు. ఆ గీతలో మార్ఫియస్ పిల్లిగా కనబడతాడు. గొంతు మాత్రం స్టరిడ్జ్‌దే. కామిక్‌లో నల్లని బుడగ చేసిన పనిని ఇక్కడ ఆ గొంతు చేసింది.

ఏమి తీయగలిగారన్నదాని కంటె ఏమి విడిచిపెట్టారన్నది ఈ దృష్టితో చూడదగిన విషయం. 'ఎ గేమ్ ఆఫ్ యు' కథను రెండవ భాగం దాదాపు పూర్తిగా దాటవేసింది. పి. క్రెగ్ రస్సెల్ చిత్రించిన యాభైయవ సంచిక 'రమదాన్' తెరకు రానేలేదు. హారూన్ అల్ రషీద్ తన బాగ్దాద్ వైభవం ఎన్నటికీ నశించకూడదని ఆ నగరాన్ని స్వప్నాధిపతికి అప్పగిస్తాడు. అంతవరకు పుటనిండా బంగారు వన్నె అలంకరణలు, అరబిక్ లిపి వంపులను తలపించే క్లైన్ అక్షరాలు ఉంటాయి. ఆ తరువాతి పుటలలో కథ నేటి కాలానికి, యుద్ధంలో శిథిలమైన బాగ్దాద్‌కు వస్తుంది. అక్కడ ఒక పిల్లవాడు ఈ కథను వింటున్నాడు. ఆ అలంకరణలు, ఆ అక్షరాలు మాయమవుతాయి. ఒక నగరం కలలోకి వెళ్లిపోయిందన్న సంగతిని పాఠకుడు తెలుసుకొనేది సంభాషణ వల్ల కాదు, పుట తిప్పిన తరువాత అక్షరం ఆకారం మారడం వల్ల.