విడి వజ్రానికి సరైన ధర

విడి వజ్రం ధర సబబుగా ఉందో లేదో తేల్చాలంటే ముందు అడగాల్సింది మొత్తం ధర కాదు, క్యారెట్ రేటు. వజ్రాల తూకంలో క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అంటే గ్రాముకు ఐదు క్యారెట్లు. క్యారెట్‌లో వందో వంతును కొట్లలో సెంటు అంటారు. బంగారం దగ్గర వినబడే క్యారెట్ లోహం స్వచ్ఛతకు సంబంధించినది. వజ్రం క్యారెట్ తూకం మాత్రమే. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారి టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి, రంగు చూసి, తేమ చూసి, తాలు ఎంత ఉందో చూసి క్వింటా రేటు చెబుతాడు. కాటా సంగతి ఆ తర్వాతే. వజ్రానికీ నాణ్యతను బట్టి రేటు, రేటు తేలాక తూకం. ప్రత్తిపాడు నుంచి పంట డబ్బుతో నగల కొట్టుకు వెళ్లే కుటుంబానికి ఈ లెక్క కొత్తది కాదు. అయినా యార్డులో గొంతెత్తి అడిగేవాళ్లు కొట్టు మెట్లెక్కగానే అడగడం మానేస్తారు. నష్టం మొదలయ్యేది అక్కడే.

అయితే రాయి పెద్దదయ్యేకొద్దీ క్యారెట్ రేటు కూడా పెరుగుతుంది. అర క్యారెట్ రాళ్లు రెండు కలిపినా, అదే నాణ్యత ఉన్న ఒక క్యారెట్ రాయి ధరకు చాలా తక్కువే. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు గనులు తిరిగిన ఫ్రెంచి వర్తకుడు ఝాఁ బాప్తిస్త్ తవెర్నియే దీనికి ఒక లెక్క రాసి పెట్టాడు. తూకాన్ని తూకంతోనే గుణించి, వచ్చినదాన్ని ఒక క్యారెట్ రాయి ధరతో మళ్లీ గుణించాలి. ఆయన ఇచ్చిన ఉదాహరణలో ఏ లోపమూ లేని 12 క్యారెట్ల రాయికి క్యారెట్ ధర అప్పటి ఫ్రెంచి డబ్బులో 150 లివ్రులు. 12ను 12తో గుణిస్తే 144, దాన్ని 150తో గుణిస్తే 21,600 లివ్రులు. పక్కనే మచ్చలున్న 15 క్యారెట్ల రాయి ఉంది. దానికి క్యారెట్ ధర 80 లివ్రులే కాబట్టి 225ను 80తో గుణిస్తే 18,000. మూడు క్యారెట్లు ఎక్కువ తూగిన రాయి 3,600 లివ్రులు తక్కువ పలికింది. కొనేవాడు గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఇది. ఇలాంటి లెక్కలు అంతకు ముందే ఈ దేశంలో ఉన్నాయి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో తూకాన్ని బట్టి వజ్రం వెల ఎలా మారుతుందో చెప్పాడు.

ఇప్పటి రేట్లు వర్గం లెక్కన నున్నగా పెరగవు, మెట్లుగా పెరుగుతాయి. 50 సెంట్లు, 70 సెంట్లు, క్యారెట్, క్యారెట్టున్నర, రెండు క్యారెట్ల దగ్గర రేటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే మెట్టుకు కాస్త కింద ఉన్న రాయి తెలివైన బేరం. బాగా కోసిన గుండ్రటి క్యారెట్ రాయి వెడల్పు దాదాపు ఆరున్నర మిల్లీమీటర్లు. 95 సెంట్ల రాయి దానికంటే మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే చిన్నది. వేలికి పెట్టుకున్నాక ఆ తేడా ఎవరి కంటికీ అందదు, బిల్లులో మాత్రం కనిపిస్తుంది.

తూకం తర్వాత కోత. రాయి మెరుపు దీనిమీదే ఆధారపడి ఉంది. అయినా కొట్లలో అన్నిటికంటే తక్కువగా మాట్లాడేది దీని గురించే. పైనుంచి పడ్డ వెలుతురు అడుగు ముఖాల మీద తగిలి మళ్లీ పైకే రావాలి. రాయి మరీ లోతుగా ఉన్నా, మరీ పల్చగా ఉన్నా వెలుతురు పక్కలనుంచో అడుగునుంచో జారిపోతుంది. కోసేవాడికి తూకం మిగిలితే డబ్బు మిగులుతుంది, అందుకే కొన్ని రాళ్లలో బరువు నడుము దగ్గరా అడుగునా దాక్కుంటుంది. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. సర్టిఫికెట్‌లో కొలతలు ఉంటాయి. క్యారెట్ తూగే గుండ్రటి రాయి వెడల్పు 6.2 మిల్లీమీటర్లే అని రాసి ఉంటే, కొనేవాడు క్యారెట్ ధర పెట్టి చూపుకు 90 సెంట్లు కూడా లేని రాయి తెచ్చుకుంటున్నట్టు. గుండ్రటి రాయికి కోత ‘ఎక్సలెంట్’ అని ఉండాలి, లేదా కనీసం ‘వెరీ గుడ్’ ఉండాలి. ఇంకెక్కడైనా సర్దుకోవచ్చు గానీ కోత దగ్గర సర్దుకోకూడదు.

రంగు దగ్గర కన్ను సులభంగా మోసపోతుంది. అమెరికాలో 1931లో మొదలైన జీఐఏ సంస్థ పెట్టిన వరసలో రంగు లేని రాయికి డి, అక్కడినుంచి పసుపు పెరుగుతూ జెడ్ దాకా. కొట్టులో నెత్తిమీద కొట్టే దీపాల కింద ఐ రాయి కూడా ఎఫ్‌లాగే మెరుస్తుంది. పైగా విడి రాళ్లు పెట్టే పొట్లం లోపలి కాగితం చాలాసార్లు లేత నీలంగా ఉంటుంది. ఆ నీలం పసుపును కమ్మేస్తుంది. రాయిని పొట్లంలోంచి తీయించి, మెత్తటి గుడ్డతో తుడిపించి, తెల్ల కాగితాన్ని మధ్యకు మడిచి ఆ మడతలో బోర్లా పెట్టాలి. ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర, పై ముఖం నుంచి కాకుండా పక్కనుంచి చూడాలి. పక్కనే మరో రంగు రాయి ఉంటే తేడా వెంటనే తెలుస్తుంది, ఒక్క రాయినే చూస్తే ఎవరికీ తెలియదు. గోల్కొండ గనుల దగ్గరి వర్తకులకూ వెలుతురు విషయంలో ఇంతే పట్టింపు ఉండేది. గోడలో అడుగు చదరపు గూడు తొలిచి, లావు వత్తి దీపం పెట్టి, రాత్రిపూట ఆ వెలుగులో రాయిని వేళ్ల మధ్య పట్టి చూసేవారని తవెర్నియే రాశాడు. రాయి ‘నీటి’లో, అంటే దాని తేటదనంలో, నీలి జాడ ఉందో లేదో తేల్చాలంటే దట్టమైన చెట్టు నీడలోకి తీసుకెళ్లాలట. ఇప్పుడు అతినీలలోహిత కాంతిలో రాయి నీలంగా వెలుగుతుందో లేదో చూసి సర్టిఫికెట్‌లో ‘ఫ్లోరసెన్స్’ అని రాస్తారు. డి నుంచి జి దాకా రంగుల్లో అది ‘స్ట్రాంగ్’ అని ఉంటే ధర తగ్గాలి. తగ్గించకపోతే ఆ బేరం సరైనది కాదు.

పసుపు బంగారంలో పొదిగించే రాయికి డి, ఈ రంగుల కోసం డబ్బు పోయనక్కర్లేదు. బంగారం ఛాయే రాయిలోకి దిగుతుంది కాబట్టి హెచ్, ఐ చాలు. ప్లాటినంలోనో తెల్ల బంగారంలోనో పెట్టేదైతే జి దాకా వెళ్లవచ్చు.

తెలుగునాట కొట్లలో ఎక్కువగా వినిపించే మాట ‘వీవీఎస్, ఈఎఫ్’. వీవీఎస్ అంటే పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంలో కూడా నిపుణుడు వెతికితే గానీ దొరకనంత చిన్న లోపాలు. దాని కింద వీఎస్, ఎస్‌ఐ, చివర ఐ తరగతులు. వీఎస్‌లో లోపం మామూలు కంటికి కనబడదు, మంచి ఎస్‌ఐ1 రాయిలోనూ చాలాసార్లు కనబడదు. అయినా కాకపాదం, బిందువు, రేఖ అంటూ రత్నశాస్త్రాలు చెప్పిన దోషాల భయం పెళ్లి నగల దగ్గర ఇంకా గట్టిగానే ఉంది. ఆ భయానికి విలువ ఇవ్వాలనుకుంటే, మధ్య ముఖం కింద నల్ల చుక్క లేని వీఎస్ రాయి అడిగితే సరిపోతుంది. కనబడని స్వచ్ఛతకు ఎక్కువ పెట్టి, కనబడే కోతలో తగ్గడం మాత్రం తలకిందుల బేరం. ‘ఈఎఫ్’ అన్న జంట మాట కూడా ఒప్పుకోకూడదు. రాయి ఈ అయినా కావాలి, ఎఫ్ అయినా కావాలి, రెంటికీ రేటు ఒకటి కాదు.

ఈ తరగతులన్నీ కొట్టువాడి నోటిమాటగా కాక, బయటి ప్రయోగశాల సర్టిఫికెట్‌లో ఉండాలి. జీఐఏ, ఐజీఐ, హెచ్‌ఆర్‌డీ లాంటి సంస్థలు ఇచ్చేవి అవి. కొట్టు సొంతంగా అచ్చేసిన కార్డు వాటితో సమానం కాదు. బంగారం మీది హాల్‌మార్కు, హెచ్‌యూఐడీ నంబరు లోహం స్వచ్ఛతకే హామీ, రాయి గురించి అవి ఏమీ చెప్పవు. సర్టిఫికెట్ నంబరు చాలా రాళ్ల నడుము మీద లేజరుతో చెక్కి ఉంటుంది. భూతద్దంలో ఆ అంకెలు చదివి కాగితంతో సరిచూడాలి, తర్వాత అదే నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి చూడాలి. ప్రయోగశాలలన్నీ ఒకే కఠినత్వంతో తూచవు. ఒకచోట జి అన్న రాయి మరోచోట ఎఫ్ కావచ్చు. అందుకని జీఐఏ రాయిని జీఐఏ రాయితోనే పోల్చాలి.

సహజ వజ్రమా, ల్యాబ్‌లో పెంచినదా అన్నది కూడా అదే కాగితం తేల్చాలి. రెండూ కర్బనమే, గట్టిదనం ఒకటే, మెరుపు ఒకటే. కొట్లలో వాడే చిన్న పెన్ను లాంటి టెస్టర్ రాయి ఎంత వేగంగా వేడిని లాక్కుంటుందో మాత్రమే చూస్తుంది, అందుకే రెండింటినీ వజ్రమనే చెబుతుంది. వజ్రంలా కనిపించే మొయిసనైట్ అనే వేరే రాయిని కూడా కొన్ని టెస్టర్లు వజ్రమనే చెబుతాయి. సూరత్‌లో ఇప్పుడు ల్యాబ్ రాళ్లు విరివిగా తయారవుతున్నాయి, వాటి ధర ఏటికేడు పడిపోతూ వచ్చింది. 2023 జూన్‌లో ప్రధాని మోదీ అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య జిల్ బైడెన్‌కు ఇచ్చిన 7.5 క్యారెట్ల వజ్రం ఇలా పెంచినదే. అందం కోసం దాన్ని కొనడంలో తప్పేమీ లేదు. సహజ వజ్రం ధర పెట్టి కొనడమే తప్పు.

ఇన్ని తేలాక ధర దగ్గరికి రావచ్చు. బంగారానికి ఉన్నట్టు వజ్రానికి రోజూ పత్రికలో రేటు రాదు. టోకు వ్యాపారులు 1978 నుంచి వెలువడుతున్న రాపాపోర్ట్ పట్టిక చూసుకుంటారు. తూకం, రంగు, స్వచ్ఛతలను బట్టి క్యారెట్‌కు ఇన్ని వందల డాలర్లు అని అందులో ఉంటుంది. అసలు బేరం ఆ అంకెకు ఎంత శాతం తక్కువ అన్నదాని మీద నడుస్తుంది. మామూలు కొనుగోలుదారుకు పట్టిక అందకపోయినా పని ఆగదు. ఒకే ప్రయోగశాల, ఒకే తూకం మెట్టు, ఒకే రంగు, ఒకే స్వచ్ఛత, ఒకే కోత ఉన్న మూడు నాలుగు రాళ్ల క్యారెట్ రేట్లు గుంటూరులో, విజయవాడలో, ఇంటర్నెట్‌లో కనుక్కుంటే సబబైన రేటు ఎక్కడ ఉందో దానంతటదే తేలుతుంది. ఒకచోట రేటు మిగతావాటికంటే బాగా తక్కువగా ఉంటే సంతోషించే ముందు ఫ్లోరసెన్స్, కోత, సహజమా ల్యాబ్‌దా అన్న మూడు గళ్లూ మళ్లీ చదవాలి.

అమ్మేవాడు మొదట చెప్పిన ధరకు ఎక్కువ విలువ ఇవ్వనక్కర్లేదు. 1701 చివర్లో జాంచంద్ అనే వర్తకుడు మద్రాసు గవర్నరు థామస్ పిట్ దగ్గరికి ఒక పెద్ద ముడి వజ్రం తెచ్చి రెండు లక్షల పగోడాలు (వరహాలు) అడిగాడు. పిట్ 30,000 అన్నాడు. అది తెగింది 48,000కి. కృష్ణా తీరపు గనులదిగా చెప్పే ఆ రాయే రీజెంట్ వజ్రం. 410 క్యారెట్ల ముడి రాయి కోత తర్వాత 140 క్యారెట్లకు దిగింది, ఇప్పుడు అది పారిస్ లూవ్ర్ మ్యూజియం సొత్తు. ముడి రాయికి ధర కట్టేటప్పుడు కోతకు పోయే మూడింట రెండొంతుల తూకాన్ని ముందే తీసేయాలని ఆ అంకెలు చెబుతున్నాయి. తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో దొరికిన రాయి అంటూ ఎవరైనా ముడి రాయి అమ్మజూపితే, దాని లోపల చూసి, ఎంత మిగులుతుందో లెక్కగట్టగల నైపుణ్యం ఇళ్లలో ఉండదు. అలాంటి బేరానికి దూరంగా ఉండటమే మేలు.

గనుల దగ్గర తవెర్నియే చూసిన పిల్ల వర్తకుల పద్ధతి మాత్రం ఇంటికి తెచ్చుకోదగ్గది. పది నుంచి పదహారేళ్ల వయసు అబ్బాయిలు చెట్టు కింద కూర్చునేవారు. ఒక పక్క తూకం రాళ్ల సంచి, మరో పక్క పగోడాల సంచి. ఎవరైనా రాయి తెస్తే పెద్దవాడు చూసి పక్కవాడికి ఇస్తాడు, అలా చేతులు మారుతూ తిరిగి అతని దగ్గరికే వస్తుంది. ఆ మధ్యలో ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. బేరం ఆ తర్వాతే. ఎక్కువ పెట్టి కొంటే ఆ భారం అతనిదే. కుటుంబంతో వెళ్లినప్పుడు రాయి చేతిలో ఉండగానే ‘భలే ఉంది’ అని ఎవరో ఒకరు అనేస్తే బేరం చేసే సత్తువ అక్కడికి అయిపోతుంది.

చివర బిల్లు. రాయి, బంగారం, మజూరీ, తరుగు, పన్ను వేర్వేరు వరసల్లో ఉండాలి. పొదిగిన నగ మొత్తం 4.2 గ్రాములు తూగి, అందులో రాళ్లు క్యారెట్ ఉంటే బంగారం 4 గ్రాములే. 4.2కు బంగారం రేటు వేస్తే రాయికి రెండుసార్లు కట్టినట్టు. తిరిగి ఇస్తే రాయి విలువలో ఎంత శాతం వెనక్కి ఇస్తారు, డబ్బుగానా మార్పిడికేనా, ఆ శాతం బిల్లు ధర మీదా ఆ రోజు ధర మీదా అన్నది కాగితం మీద రాయించాలి. మజూరీ, పన్ను ఎటూ వెనక్కి రావు. అవసరానికి అమ్ముకోవచ్చన్న ధైర్యంతో పంట డబ్బు దాచుకునే ఇంట్లో ఆ దాపు బంగారంగానే ఉండాలి. వజ్రాన్ని పెట్టుకోవడానికి మాత్రమే కొనాలి. సర్టిఫికెట్ నంబరు, తూకం, రంగు, స్వచ్ఛత, కోత, సహజమా ల్యాబ్‌దా అన్న మాట, క్యారెట్ రేటు బిల్లు మీదకు ఎక్కాక, రాయిని పొదగకముందే మరోచోట పరీక్ష చేయించుకోవడానికి కొన్ని రోజుల గడువు అడిగి రాయించుకోవాలి. పొదిగాక అంచులు, అడుగు భాగం లోహంలో దాగిపోతాయి, తూకం వేయడానికీ వీలుండదు.