‘బలం’ నుండి ‘కాంతి’కి: యాంటీఆక్సిడెంట్ డ్రిప్‌ల ప్రచార భాష

సిరలోకి గ్లూటాథయోన్, విటమిన్ ‘సి’ వంటి యాంటీఆక్సిడెంట్లను ఎక్కించే చికిత్సల ప్రచారంలో ‘శుద్ధి’, ‘కాంతి’, ‘నవయౌవనం’ వంటి మాటలు తరచు కనిపిస్తాయి. ఇవి వైద్య పరిభాష కావు, కొలతకు అందవు. కొలవలేని ఫలితాన్ని ఖండించడమూ సాధ్యం కాదు. ఆ ప్రచారానికి పట్టు అక్కడే ఉంది.

తెలుగునేల మీద దీనికి పూర్వరంగం ఉంది. నీరసానికి గ్లూకోజు ఎక్కించుకుంటే బలం వస్తుందన్న నమ్మకం పల్లెల్లో పాతదే. మింగినదానికన్నా నెత్తురులో కలిసినదే శక్తిమంతమన్న ఆ భావననే డ్రిప్ ప్రచారం నగరభాషలోకి మార్చుకుంది. ‘బలం’ స్థానంలో ‘కాంతి’ చేరింది. కాంతి అంటే తెలుపే అన్న వర్ణవివక్ష కూడా దాని వెంటే వచ్చింది.

ఆధారాలు మరోలా ఉన్నాయి. చర్మాన్ని తెల్లబరచడానికి గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు సురక్షితం కావని ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. 2022లో వెలువడిన ‘లోవిట్’ అధ్యయనంలో, సెప్సిస్‌తో ఐసీయూలో ఉండి సిర ద్వారా విటమిన్ ‘సి’ పొందినవారిలో 44.5 శాతం మంది 28వ రోజుకు మరణించారు లేదా అవయవ వైఫల్యంతోనే ఉన్నారు. ప్లాసిబో పొందినవారిలో ఇది 38.5 శాతం. ఈ ఫలితాన్ని ఆరోగ్యవంతులకు నేరుగా అన్వయించలేం. అయినా ‘విటమినే కదా, హాని ఏముంటుంది’ అన్న వాదం దీని ముందు నిలవదు.

ఏ ఫలితం, ఎవరిలో, దేనితో పోల్చి అని ప్రతి విశేషణాన్నీ నిలదీయడం ఇక్కడ విమర్శ కర్తవ్యం.